కొలతలక్క కట్టిన కంప్యూటరు

ఒక మనిషి పాదం కొలత ఎవరి సొత్తు? పాదం ఎవరిదో వాళ్ళదా, వంగి కొలిచినవాళ్ళదా, ఆ కొలతను రాసి దాచిన దుకాణానిదా? ఎన్నేళ్ళుగా అటూ ఇటూ తిప్పి చూసినా ఈ ప్రశ్నకు జవాబు తేలలేదు. కొలతలక్క మాత్రం దీన్ని ఎన్నడూ ప్రశ్నగా అడగలేదు. ఆమె చేసిందల్లా ఒక కంప్యూటరు కట్టుకోవడం.

ఎముకల ఆసుపత్రి వెనక సందులో, తోలూ జిగురూ కలిసిన వాసన వచ్చే పొడవాటి గది ఆమె పనిచోటు. అది మామూలు చెప్పుల దుకాణం కాదు. ఒక కాలు పొట్టైనవాళ్ళకు, వేళ్ళు పోయినవాళ్ళకు, చక్కెర జబ్బుతో అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళకు కొలిచి బూట్లు చేసే పనిశాల. అక్కడ ఆమె ముప్ఫయ్యొక్క ఏళ్ళు కొలిచింది. మనిషి ముఖం మరిచిపోయేది గానీ మడమ మరిచిపోయేది కాదు. దారిలో ఎవరైనా పలకరిస్తే ముందు కిందికి చూసి, తర్వాత తలెత్తి, "ఓ, మీరా! ఎడమ మడమ ఇంకా లోపలికే అరుగుతోందే" అనేది. పెళ్ళి పందిట్లో అయినా అంతే, రైలుస్టేషన్లో అయినా అంతే.

ఆమె పద్ధతి ఆమెది. పగలంతా నడిచి పాదం కాస్త పొంగుతుంది కనుక కొలత సాయంత్రమే తీసేది. ఎంత వచ్చినా దానికి పన్నెండు మిల్లీమీటర్లు కలిపి రాసేది. "వేళ్ళకి జాగా ఉండాలమ్మా. గోడకి ముక్కు ఆనించి ఎవరైనా నిలబడతారా?" అనేది. కలిపి కలిపి ఆ చేతికి ఎంత అలవాటైపోయిందంటే, కలుపుతున్నానన్న సంగతి ఆమెకే తెలిసేది కాదు.

ఇరవై ఏళ్ళ కిందట పనిశాల యజమాని, అందరూ మేస్త్రిగారనే పెద్దాయన, పాదాన్ని అద్దం మీద పెడితే కిందినుంచి ఆకారం తీసే యంత్రం ఒకటి కొన్నారు. దానితోపాటు ఒక కంప్యూటరు, అందులో ఒక ప్రోగ్రాము. దాన్ని ఎవరుపడితే వాళ్ళు వాడకుండా, అమ్మినవాళ్ళు బొటనవేలంత తాళం ముక్క ఇచ్చారు. కంప్యూటరు వెనక వెడల్పాటి గూట్లో అది తగిలించి ఉంటేనే ప్రోగ్రాము తెరుచుకునేది. ఏళ్ళు గడిచేసరికి మూడు వందల ఆరుగురి పాదాలు అందులో చేరాయి. వట్టి ఆకారాలు కావు. మొదటి జత వేసుకుని నడిచాక ఎక్కడ నొక్కిందో, రెండోసారి ఎక్కడ చెక్కించిందో, మూడోసారి ఎక్కడ మెత్తటి ముక్క నింపిందో, అన్నీ కొలతలక్క అక్కడే దిద్ది పెట్టింది.

మేస్త్రిగారికి డెబ్బయ్యారు దాటాయి. ఒకరోజు బల్ల తుడుస్తూ తుడుస్తూ, "రెండు నెలల్లో మూసేస్తున్నానమ్మా. ఒక పెద్ద కంపెనీవాళ్ళు కొంటున్నారు" అన్నారు.

కంపెనీ మనిషి వచ్చి గదంతా చూశాడు. మూల ముసుగేసి ఉన్న కంప్యూటరును చూసి నవ్వాడు.

"ఆ పాత కొలతలు మాకక్కర్లేదండీ. మా దగ్గర కొత్త యంత్రం ఉంది. నిమిషంలో తీస్తాం."

"నిమిషంలో ఆకారం వస్తుంది బాబూ, నొప్పి రాదు" అంది కొలతలక్క.

అతనికి అర్థం కాలేదు.  ఆ రాత్రంతా ఆమెకు అదే లెక్క. అరికాలు మొద్దుబారిన మనిషికి బూటు లోపల బియ్యపుగింజంత ఎత్తు ఉన్నా పుండు పడుతుంది. నొప్పి తెలియదు. మేజోడు తీసినప్పుడు రక్తం కనిపిస్తేనే తెలుస్తుంది. మూడు వందల ఆరుగురూ మళ్ళీ మొదటి జత దగ్గర మొదలుపెట్టాలంటే, వాళ్ళలో కొందరు ఆ తప్పుకు వేళ్ళతో చెల్లించాల్సి వస్తుంది. ఆ దిద్దుబాట్లు బయటికి తీసి ఎవరివి వాళ్ళ చేతికిస్తే, ఇక ఏ పనిశాలకు వెళ్ళినా పరవాలేదు. తీయాల్సిన కంప్యూటరేమో నిద్రలేవడానికే పదకొండు నిమిషాలు తీసుకుంటోంది. లోపల ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు చప్పుడు.

భర్త తమ్ముడికి పాత కంప్యూటర్లు విప్పి అమ్మే దుకాణం ఉంది. ఆ చప్పుడు వినడానికి అతన్ని పిలిపించింది. అతను పెట్టెకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని విన్నాడు.

"వదినా, ఇది పోయేముందు వచ్చే ఆయాసం."

"ఎన్నాళ్ళుంటుంది?"

"నీ అదృష్టం బాగుంటే నెల."

"కొత్తది కొని అందులో వేసేద్దాం మరి."

"కొత్తవాటికి నీ తాళం పెట్టే గూడే ఉండదు. ఉన్నా, ఆ ప్రోగ్రాము పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ని తప్ప ఇంకోదాన్ని ఎరగదు. ఆ పాతది ఈనాటి భాగాల్ని చూస్తే మొహం తిప్పుకుంటుంది. అత్తాకోడళ్ళ వ్యవహారం."

"అయితే ఇద్దరికీ కుదిరే ఇల్లు మనమే కట్టాలి."

మరిది నవ్వాడు. "ఉట్టికెగరలేనమ్మ..."

"ఉట్టి ఎక్కడుందో నువ్వు చూపించు. ఎగరడం నేను చూసుకుంటా."

మర్నాటినుంచి ఒక నోటు పుస్తకం మొదలైంది. ఎవరి బూట్లకైనా పేజీ తెరిచినట్టే దీనికీ తెరిచింది: ఎవరికి, ఏ నడకకి, ఎక్కడ నొప్పి. తాళం గూడు ఉన్న మదర్‌బోర్డు కావాలి, మరీ పాతదైతే కొత్త సిస్టమ్ నడవదు, మరీ కొత్తదైతే పాతది నడవదు. మరిది తన దుకాణంలో నాలుగు బోర్డులు తీసి చూపించి, మూడు పక్కకు నెట్టాడు. నాలుగోది నడివయసుది. దానికి తగ్గ ప్రాసెసరు, మెమరీ, రెండు డిస్కులు, చల్లబరిచే ఫ్యాను, అన్నీ పెట్టడానికి ఇంట్లోనే అటక మీద పడి ఉన్న ఖాళీ క్యాబినెట్. లోపలి కొలతలు కొలతలక్కే తీసి పుస్తకంలో రాసింది. ఆ పని ఇంకొకరికి ఇస్తుందా!

"మూడు సిస్టమ్‌లు పెడదాం" అన్నాడు మరిది. "పాతది నీ పాదాలు చూపించడానికి. ఉచితంగా దొరికేది ఒకటుంది, దానికి ఓపిక ఎక్కువ, చెడిన డిస్కునైనా కూర్చుని చదువుతుంది. మూడోది ఇప్పుడందరూ వాడే కొత్తది. నువ్వు తీసిన ఫైలు బయట పనిశాలల్లో తెరుచుకుంటుందో లేదో అందులో చూసుకోవాలి."

"ముగ్గురూ ఒకే ఇంట్లో పడతారా?"

"ముగ్గురు తోడికోడళ్ళు. వంటగదిలోకి ఒక్కోసారి ఒక్కరే వెళ్తారు, కాబట్టి గొడవ లేదు. కాకపోతే పెద్దది ముందు కాపురానికి రావాలి. చిన్నది ముందొస్తే, తర్వాత వచ్చిన పెద్దది గుమ్మం మీద చిన్నదాని పేరు చెరిపేసి తన పేరు రాసుకుంటుంది. ఇక చిన్నది లోపలే ఉన్నా ఎవరికీ కనపడదు."

"మా ఇంట్లోనూ అంతేగా" అంటూ కొలతలక్క పుస్తకంలో రాసుకుంది: పాతది ముందు.

భర్త దూరాలకు లారీ నడుపుతాడు. నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటాడు, అందులో రెండు రోజులు నిద్రే. ఈసారి వచ్చేసరికి భోజనాల బల్ల నిండా తీగలూ స్క్రూలూ. కంచం ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నేను లేనప్పుడు ఇంటికి ఇంకొకర్ని తెచ్చినట్టున్నావే."

"తెచ్చాను. గురక పెట్టరు."

"చూద్దాం" అన్నాడు ముద్ద మింగి.

ఆదివారం పొద్దున బిగింపు మొదలైంది. మరిది స్క్రూలు తిప్పుతుంటే ఆమె పుస్తకం చూసి ఒక్కొక్కటే అందించింది. అన్నీ కుదురుగా కూర్చున్నాయి. చివరికి పక్క తలుపు మూయబోతే మూతపడలేదు. ప్రాసెసరు మీది ఫ్యాను తలుపుకు అడ్డం తగిలింది. మరిది నొక్కి చూశాడు, తిప్పి చూశాడు, మోకాలు ఆనించబోతే ఆమె చెయ్యి పట్టుకుంది.

"వదినా, లోపల నూట అరవై ఉందని నువ్వే రాశావు. ఫ్యాను నూట యాభై అయిదు. పట్టాలి కదా!"

ఆమె మెడలోంచి టేపు తీసి కొలిచింది. నూట నలభై ఎనిమిది. మళ్ళీ కొలిచింది. పుస్తకం చూసింది. ఉన్నట్టుండి కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. పక్కగదిలోంచి నిద్ర కళ్ళతో భర్త లేచివచ్చాడు.

"ఏమైంది?"

"పన్నెండు" అంది నవ్వు ఆపుకోలేక. "దీనికి కూడా వేళ్ళ జాగా ఇచ్చాను!"

ముగ్గురూ నవ్వారు. నవ్వు ఆగాక మరిది తల గోక్కున్నాడు. పొట్టి ఫ్యాను తెప్పించాలంటే వారం. పనిశాల మూలనున్న పెట్టె వారం బతుకుతుందని ఎవరూ చెప్పలేరు. తలుపు తీసే ఉంచుదామంటే, తోలు చెక్కే గదిలో ఆ దుమ్మంతా ఫ్యాను లోపలికి లాగేస్తుంది.

"బొటనవేలి దగ్గర ఎముక పొడుచుకొచ్చినవాళ్ళకి ఏం చేస్తాం?" అంది కొలతలక్క. ఎవరూ జవాబు చెప్పకముందే లేచింది. తలుపు రేకు మీద గుండ్రంగా గీత గీసి, మరిది చేత కోయించింది. తడి తోలు ముక్కను గిన్నె మీద బోర్లించి లాగి, మేకులు కొట్టి ఆరబెట్టింది. సాయంత్రానికి అది బోర్లించిన దోసిలిలా గట్టిపడింది. గాలాడడానికి వరసగా బెజ్జాలు పొడిచి, రేకుకు రివిట్లు వేసింది. తలుపు చప్పుడు లేకుండా మూతపడింది. కంప్యూటరు పక్కన బుడిపె ఉన్నట్టు కనిపించింది, అంతే.

"నడవగలదు" అంది, ఎవరో పేషెంటును పంపేస్తున్నట్టు.

మంగళవారం పొద్దున పనిశాలలోని పాతది పదకొండు నిమిషాలు దాటినా లేవలేదు. ఇరవై అయింది. తర్వాత చప్పుడు కూడా ఆగిపోయింది. కొలతలక్క ముసుగు మళ్ళీ కప్పలేదు. మరిదికి ఫోను చేసి, "పోయింది. డిస్కు విప్పుకెళ్ళు" అంది.

అప్పటికే మూడు సిస్టమ్‌లూ ఎక్కించి ఉన్న బుడిపె కంప్యూటరును పనిశాలకే తెచ్చి బల్ల మీద పెట్టి, తాళం ముక్కను దాని గూట్లోకి మార్చారు. పోయినదాని డిస్కును దానికి తగిలించారు. పాత సిస్టమ్ చెడిన చోట ఆగి, బండరాయిలా కదలనంది. ఉచితంగా వచ్చినది మాత్రం రాయీ రప్పా ఏరుకుంటూ నడిచేవాడిలా, చదవగలిగింది చదివి, చదవలేనిది దాటి, రెండు రోజుల్లో అవతలి గట్టుకు చేరింది. తొమ్మిదిమంది ఫైళ్ళు దక్కలేదు. రెండు వందల తొంభై ఏడుగురివి దక్కాయి.

అప్పటినుంచి అదొక నిత్యవ్రతమైపోయింది. పాత సిస్టమ్‌లోకి వెళ్ళి, తాళం ముక్క పలికాక, ఒక్కొక్క పాదం తెరిచి, ఎవరైనా చదవగల మామూలు ఫైలుగా దాచేది. ఓ పాతిక అయ్యాక కంప్యూటరు ఆపి, మళ్ళీ లేపి, తెర మీద వచ్చే మూడు పేర్లలో కొత్తదాన్ని ఎంచుకుని, అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూసేది. తర్వాత ఒక్కొక్కటీ గోరంత మెమరీ కార్డులోకి ఎక్కించి, పాదం గీసిన కాగితం మీద దిద్దుబాట్లు చేత్తో కూడా రాసి, కవర్లో పెట్టి, పైన ఎవరిదో రాసేది. ఫోన్లు చేసి పిలిచేది. వచ్చినవాళ్ళతో, "ఇది మీ బీరువాలో పెట్టుకోండి. ఎక్కడ బూట్లు చేయించుకున్నా ముందు ఇది చూపించండి. చూడనంటే లేచి వచ్చేయండి" అని చెప్పేది. ఫైళ్ళు పోయిన తొమ్మిదిమందిలో ఎనిమిదిమందిని మళ్ళీ రప్పించి, మొదటినుంచి కొలిచింది. తొమ్మిదోవాడు ఒకప్పటి బస్సు కండక్టరు. నంబరు మార్చేశాడు. ఎవరినడిగినా ఎక్కడున్నాడో తెలియలేదు. పైగా రెండు అరికాళ్ళూ మొద్దుబారినవాడు.

ఆఖరి రోజు సాయంత్రం అతనే వచ్చాడు, ఒక మడమ కుట్టు విడిందని.

"మూసేస్తున్నారటగా. నాకు చెప్పాపెట్టకుండానే!"

"నువ్వు నంబరు చెప్పాపెట్టకుండా మార్చొచ్చు, మేం మూయకూడదా? కూర్చో."

అద్దం యంత్రాన్ని కంపెనీవాళ్ళు అప్పటికే పట్టుకెళ్ళిపోయారు. కాగితం పరిచి చేత్తోనే గీసింది. ఆకారం వచ్చింది గానీ, మూడు జతల దిద్దుబాట్లు ఒక్క సాయంత్రంలో ఎలా వస్తాయి? అతని బూట్లు రెండూ దీపం కింద పెట్టి, లోపలి మెత్తటి పొరను నెమ్మదిగా ఊడదీసింది. నాలుగేళ్ళు నడిచిన పొర. ఎక్కడ గుంట పడిందో, ఎక్కడ మెరుపు తేలిందో, ఎక్కడ తన చేతి ముక్క ఇంకా నిలిచుందో వేలితో తడుముతూ, ఒక్కొక్కటీ కాగితం మీద దించింది.

"చేతిరేఖలు చూసినట్టు చూస్తున్నావేంటక్కా? ఆయుష్షెంతో చెప్పు."

"కాళ్ళు రోజూ చూసుకుంటే బోలెడంత. అద్దం కింద పెట్టి చూసుకుంటున్నావా?"

"మా ఆవిడ చూస్తుంది."

"ఆవిడకి దండం పెట్టు."

పొర అంటించి, మడమ కుట్టి, కవరు చేతికిచ్చింది. అతను వెళ్ళేసరికి గుమ్మంలో మేస్త్రిగారు నిలబడి ఉన్నారు. ఎప్పటినుంచి చూస్తున్నారో.

"నెలరోజులుగా చూస్తున్నా. ఎవరినడిగి ఇస్తున్నావమ్మా ఇవన్నీ? దుకాణం అమ్మానంటే దుకాణంలోవన్నీ అమ్మినట్టేగా."

"వాళ్ళు వద్దన్నారు మేస్త్రిగారూ."

"వద్దన్నా దుకాణానివే."

"ఎవరి కాళ్ళు వాళ్ళకిచ్చాను."

ఆయన బల్ల మీద మిగిలిన తోలు పొడిని అరచేత్తో అంచుకు తోశారు. గొంతు తగ్గించి అడిగారు:

"యంత్రం కొన్నరోజు ముందు నా పాదాలే పెట్టి చూశాం కదూ? అవి కూడా ఉన్నాయా?"

"మొదటి ఫైలు మీదే. కుడి పాదం చదును. మీ కవరు లోపలి గదిలో, మీ గల్లా పెట్టె మీద పెట్టాను."

మేస్త్రిగారు తల ఊపి లోపలికి నడిచారు. దీపం వేసిన చప్పుడు, కాసేపటికి కాగితం విప్పిన చప్పుడు వినిపించాయి. 

మరిది మధ్యాహ్నమే కంప్యూటరును ఇంటికి చేర్చాడు. బల్ల మీద కవరు ఒక్కటి కూడా మిగల్లేదు. కొలతలక్క చేతులు కడుక్కుని, సంచి భుజాన వేసుకుంది. లోపలి గది తలుపు ఓరగా ఉంది. వెలుతురులో ఆయన వంగిన వీపు కనిపించింది, కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదువుతున్నారు.  వెళ్ళొస్తానని అనడానికి, తిరిగి రావాల్సిన పని ఏదీ మిగల్లేదు. చప్పుడు కాకుండా సందులోకి దిగింది. మలుపు దగ్గర బస్సు ఆగి ఉంది. పరుగెత్తకుండానే అందుకుంది.