అల్లుడు ఇవ్వలేకపోయిన మాట

ఆయన వృత్తి కళ్ళజోళ్ళు అమర్చడం. ఇంటి ముందుగదే దుకాణం. గోడకు అక్షరాల పట్టిక, దానికి ఎదురుగా ఎత్తైన కుర్చీ, పక్కన మెత్తని గుంటల్లో వరుసగా పేర్చిన అద్దాల పెట్టె. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉన్నప్పటికీ వీధిలో ఎవరూ దానిని వాడిన దాఖలాలు లేవు. ఏమోగారి ఇల్లెక్కడ అని అడిగితే మాత్రం ఎవరైనా చూపించగలరు.

ఆ బిరుదు ఆయనకు న్యాయంగానే సంక్రమించింది. వాన పడుతుందా అని అడిగితే ఏమో అనేవారు. మబ్బు నెత్తిమీదికి వచ్చి నిలబడినా ఏమో అనేవారు. గొడుగు మాత్రం మరచిపోయేవారు కాదు. పెళ్ళయిందా అని అడిగినా ఏమో అంటాడని ఎదురింటి దర్జీ హాస్యమాడగా, ఆ ఒక్కటీ అనరు, అనే ధైర్యం లేదని ఆయన భార్య కిటికీలోంచే సమాధానం పంపింది.

ఈ గుణం ఆయనకు వృత్తి నుండే అబ్బింది. చూపు పరీక్షించేటప్పుడు ఆయన ఒక అద్దం పెట్టి, తీసి, మళ్ళీ అదే అద్దం పెట్టి, ఇప్పుడెలా ఉందని అడిగేవారు. పదిమందిలో ఏడెనిమిదిమంది ఇప్పుడు చాలా బాగుందని సంతోషించేవారు. వారితో ఆయన వాదించేవారు కాదు. పరీక్ష మొదటి నుండి ప్రారంభించేవారు. కళ్ళకు కనిపించినది వేరు, కనిపించిందని మనసు ఒప్పుకున్నది వేరు అని ఏళ్ళ తరబడి చూసిన మనిషి దేనికైనా తొందరపడి అవునని ఎట్లా అంటారు?

దైవం విషయంలోనూ ఆయన పద్ధతి ఇదే. ప్రార్థనామందిరం పెద్దలు ఆయనను నాస్తికుల కింద జమకట్టారు. ఆ సంగతి విని నాస్తికుల సంఘంవారు మహదానందంతో ఉపన్యాసానికి ఆహ్వానించారు. దేవుడు ఉన్నాడని తనకు తెలియదనీ, లేడని కూడా తెలియదనీ, రెండు పక్షాలవారికీ ఇంత గట్టిగా ఎట్లా తెలిసిందో అంతకంటే తెలియదనీ ఆయన సభాముఖంగా మనవి చేసుకున్నారు. వారు టీ ఇచ్చి పంపించారు. మరల పిలవలేదు.

ఆ ఇంట్లోనే ఉండే అత్తగారు ఇందుకు పూర్తిగా భిన్నం. ఆమెకు సందేహమనేది ఏ పూటా కలిగినట్లు కనపడదు. తెల్లవారగానే ముందుగది పక్కనున్న తన గదిలో ప్రార్థనల పుస్తకం తెరిచి బిగ్గరగా చదివేది. వారానికొకసారి మందిరానికి వెళ్ళేది. అల్లుడుగారు చేయి పట్టుకుని తీసుకువెళ్ళి, లోపల కూర్చోబెట్టి, తాము వెలుపలి బెంచీమీద పత్రిక చదువుకునేవారు. గుమ్మం దాకా వచ్చి ఆగిపోతారేమని ఆమె ఎన్నడూ అడగలేదు. అల్లుడిని లోపలికి తెమ్మని దైవాన్ని అడగడం తన పనే గాని, లోపలికి రమ్మని అల్లుడిని అడగడం కాదని ఆమె అభిప్రాయం.

ఏటా ఆమె కళ్ళు కూడా ఆయనే పరీక్షించేవారు. పట్టిక మొత్తం, అట్టడుగు వరుసతో సహా, ఆమె తడుముకోకుండా చదివేది. ఈ వయసులో ఇంత చూపా అని ఆయన అందరికీ చెప్పుకుని మురిసేవారు. అయితే ఆ సంవత్సరం పాత పట్టిక వెలిసిపోగా, అక్షరాలు వేరైన కొత్త పట్టిక తగిలించారు. అత్తగారు కుర్చీలో కూర్చుని పాత పట్టికనే పై నుండి కింద వరకు ఒప్పజెప్పింది.

విషయం విచారించగా, వచ్చినవారల్లా చదువుతుంటే గోడ అవతల విని ఆమె మొత్తం కంఠస్థం చేసినదని తేలింది. ప్రార్థనల పుస్తకం సంగతీ అంతే. కళ్ళలో పొర ముదిరి ఎంతకాలమైందో ఆమెకే గుర్తులేదు. ఆపరేషన్ అంటారనే భయంతో దాచింది. ఊరందరికీ ఒకే అద్దం రెండుసార్లు పెట్టి చూసే ఆయన, అత్తగారి మాటను మాత్రం ఒక్కసారీ పరీక్షించలేదు. సాయంత్రం దాకా ఆయన దుకాణం తెరవలేదు.

పెద్ద డాక్టరు పరీక్షించి, ఆలస్యమైతే ఉన్న కాస్త చూపూ దక్కదని తేల్చిచెప్పారు. అత్తగారు ససేమిరా అన్నది. కూతురు ఏడ్చింది, కొడుకు వచ్చి కోప్పడ్డాడు. చివరికి ఆమె ఒక షరతు విధించింది. మీరంతా నన్ను ఒప్పించడానికి ఏదైనా చెబుతారు, అల్లుడుగారు చెబితే వెళతాను, చూపు వస్తుందని ఆయన నోటితో అనాలి అన్నది.

ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. అది తొందరపాటని తర్వాత తెలిసింది. అల్లుడుగారు అనలేకపోయారు. భార్య బతిమాలింది. బావమరిది వరండాలో నిలదీశాడు.

"ఒక్క మాట బావా. వస్తుంది అనండి, అయిపోతుంది. నోరేమైనా అరిగిపోతుందా?"

"రాకపోతే?"

"రాకపోతే అప్పుడు చూసుకుందాం."

"అప్పుడు చూసేది నువ్వూ నేనేరా. ఆవిడ కాదు."

బావమరిది చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. భార్య రెండు పూటలు ఆయనకు కంచం పెట్టింది గాని మాట పెట్టలేదు. డాక్టరు ఇచ్చిన గడువు దగ్గరపడుతోంది. చివరకు ఆయన తమంతట తామే అత్తగారి గదిలోకి వెళ్ళి, మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"అత్తయ్యా, వస్తుందో లేదో నాకు తెలియదు. చేయించుకున్నవాళ్ళలో చాలామందికి వచ్చింది. కొద్దిమందికి రాలేదు. మీరు ఏ పక్కన పడతారో నేను చెప్పలేను. మానేస్తే మాత్రం పోతుంది, అది డాక్టరు చెప్పాడు, నేనూ చూశాను. ఇంతకన్నా ఎక్కువ చెబితే అబద్ధమవుతుంది."

ఆమె ప్రార్థనల పుస్తకం అట్టమీద వేళ్ళు కదిపింది.

"నేను తెలిసి ప్రార్థన చేస్తున్నాననుకుంటున్నారా అల్లుడుగారూ?"

"కాదా?"

"తెలిస్తే అడగడం దేనికి? ఇంట్లో ఉన్న ఉప్పు కోసం ఎవరైనా పక్కింటికి వెళతారా? తెలియదు కాబట్టే అడుగుతాను. అడిగాక కాస్త ధైర్యంగా ఉంటుంది, అంతే. మీకు అడగడానికి కూడా ఎవరూ లేరు, పాపం."

ఆయన మీద ఇంత జాలి ఇదివరకు ఎవరూ చూపలేదు. ఆమె దుప్పటి సర్దుకుని, వెళ్దాం గాని ఆపరేషన్ గది తలుపు దాకా మీరే రావాలన్నది.

ఆసుపత్రిలో ఆమెను చక్రాల బల్లమీద పడుకోబెట్టారు. ఆపరేషన్ గది ముందు నర్సు ఆగమన్నప్పుడు ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది.

"నా కోసం అడగండి."

"ఎవరిని అడగాలో నాకు తెలియదత్తయ్యా."

"తెలియకపోయినా అడగండి. మందిరంలో సగంమంది చేసేది అదే."

తలుపు మూసుకుంది. ఆయన బెంచీమీద కూర్చున్నారు. చేతిలో పత్రిక ఉన్నదిగాని పేజీ తిరగలేదు. పెదవులు కదిలాయని బావమరిది అంటాడు. పళ్ళు బిగించుకున్నారని భార్య అంటుంది. ఈ విషయమై ఇంట్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

కట్టు విప్పిన రోజున డాక్టరు వేళ్ళు చూపి ఎన్ని అని అడిగారు. ఆమె వెంటనే చెప్పలేదు. వేళ్ళను చూసింది, డాక్టరును చూసింది, కిటికీ అవతల ఆరవేసిన దుప్పట్లను చూసింది. ఆ తర్వాత మూడు అన్నది. కూతురు కళ్ళు తుడుచుకుంది. కొడుకు దేవుడి దయ అన్నాడు. డాక్టరు కొంచెం నొచ్చుకున్నట్లు కనిపించారు.

అత్తగారు అల్లుడుగారిని దగ్గరికి పిలిచింది.

"అడిగారా?"

"అడిగాను. ఎవరైనా విన్నారో లేదో తెలియదు."

"నాకూ ఎప్పుడూ తెలియలేదు" అని ఆమె తేలికగా అని, డాక్టరు వైపు తిరిగింది.

"ఇంతకీ రెండో కంటికి ఎప్పుడు చేస్తారు నాయనా?"