వకీలు ఎత్తని ఫోను

మా పెద్దమ్మకు, అంటే అమ్మ వాళ్ల అక్కకు, పిల్లల్లేరు. పెద్దనాయిన పోయాక అలియాబాద్‌లోని రెండు గదుల ఇంట్లో ఆమెకు తోడుగా ఉన్నది ఒక ముస్లిం ఆవిడ. నేను ఆమెను ఖాలా అని పిలిచేదాన్ని. ఇద్దరూ కలిసి హైవే పక్కన జామపండ్లు అమ్మేవాళ్లు, ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్లు. శనివారం పెద్దమ్మ ఒక్కపొద్దు ఉంటే ఆ రోజు ఖాలా కూడా మాంసం ముట్టేది కాదు. ఖాలా బతికినన్నాళ్లూ ఆ ఇంట్లోనే ఉండాలని, ఆ తర్వాతే అది నాకు రావాలని పెద్దమ్మ వీలునామా రాసి రిజిస్టర్ చేయించింది.

పెద్దమ్మ పోయాక, దినాలు ముగిసీ ముగియకముందే పెద్దనాయిన తమ్ముడి కొడుకు వచ్చి, ఇల్లు తమదేనంటూ తాళం వేశాడు. ఖాలా కట్టుబట్టలతో మేడ్చల్‌లో మా అద్దె ఇంటికి వచ్చింది. నేను అక్కడే ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను.

తెలిసినవాళ్లు ఒక వకీలు దగ్గరికి పంపారు. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు, ఖాలా చెప్పిందంతా ఓపికగా విన్నాడు. అసలు వీలునామా తీసుకుని కేసు వేశాడు. ఇక భయం లేదనుకున్నాం. కొన్నాళ్లకు ఆయన ఫోను ఎత్తడం మానేశాడు.

రింగు పోయేది, ఆగేది. మెసేజీ చూసినట్టు కనిపించేది, జవాబు ఉండేది కాదు. ఆఫీసుకు వెళ్తే కోర్టులో ఉన్నారనేవాళ్లు, కోర్టుకు వెళ్తే ఇప్పుడే వెళ్లారనేవాళ్లు. బడిలో సెలవు అడిగిన ప్రతిసారీ హెడ్‌మాస్టరు ముఖం మాడ్చుకునేవాడు. సాయంత్రం నేను ఇంట్లో అడుగుపెట్టగానే ఖాలా ఏమీ అడిగేది కాదు, నా ముఖంలోకి చూసేది. ఆ చూపు తప్పించుకోవడానికి చెప్పులు విప్పుతూ అక్కడే వంగి ఉండేదాన్ని.

ఇంటి స్థలం కొలవడానికి ఎవరో టేపులు పట్టుకొని వచ్చారని ఊరి నుంచి కబురొచ్చింది. ఆ రోజు నేరుగా కోర్టు గుమాస్తా దగ్గరికే వెళ్లాను.

“మీ వకీలు వాయిదాలకు వస్తలేడమ్మా. కేసు కొట్టేసిన్రు” అన్నాడాయన.

ఇప్పుడేం చేయాలని అడిగాను. గడువులోపు అడిగితే మళ్లీ తెరుస్తారని ఆయనే చెప్పాడు. కానీ వేరే వకీలమ్మ దగ్గరికి వెళ్తే, పాతాయన సంతకం పెట్టి తప్పుకుంటేగానీ కేసు ముట్టుకోనంది.

మర్నాడు పొద్దున్నే ఖాలా, నేను కుత్బుల్లాపూర్‌లో పాత వకీలు ఇల్లు వెతుక్కుంటూ పోయాం. ఆయన స్నానం చేస్తున్నారని భార్య చెప్పి తలుపు వేసేసింది. మేము మెట్ల మీదే కూర్చున్నాం. ఎండ మెట్ల మీదికి వచ్చాక ఆయన బయటికి వచ్చాడు. మమ్మల్ని చూసి వెనక్కి తిరగబోయి, ఆగిపోయాడు.

“ఫైలు కనబడ్తలేదమ్మా. ఆఫీసు మార్చినప్పుడు యాడనో పోయింది. అసలు వీలునామా గూడ అండ్లనే ఉండె. మీకు ఎట్ల చెప్పాల్నో తెల్వక...” అని నేల చూశాడు.

నాకు అరవాలనిపించింది. కానీ మాట్లాడింది ఖాలానే.

“ఫైలు లేదని ఒక్క మాట చెప్తే అయిపోతుండె గద సాబ్. జవాబు వస్తదేమో అని దినాం ఈ బిడ్డ మొఖం జూస్కుంట కూసున్న.”

ఆయన లోపలికి వెళ్లి, కేసు నుంచి తప్పుకుంటున్నట్టు కాగితం రాసి తెచ్చి, సంతకం పెట్టి ఇచ్చాడు.

షామీర్‌పేట రిజిస్ట్రారు ఆఫీసులో వీలునామా నకలు దొరికింది. కొత్త వకీలమ్మ కేసును మళ్లీ తెరిపించింది, ఇల్లు అమ్మకుండా ఆపించింది. అయితే వీలునామా నిజమని తేలితేగానీ ఖాలా అక్కడ ఉండటానికి వీల్లేదన్నారు. తేల్చాల్సింది దాని మీద సంతకం పెట్టిన ఇద్దరు సాక్షులు. ఒకాయన మేము పాత వకీలు కోసం తిరుగుతున్న వేసవిలోనే పోయాడు. ఇంకొకాయన కూతురి దగ్గర ఉన్నాడు, ఇప్పుడు ఇంట్లోవాళ్లనే గుర్తుపట్టడం లేదు. పాత వకీలు అప్పుడే వాయిదాలకు వచ్చి ఉంటే ఆ ఇద్దరూ చెప్పగలిగేవాళ్లే.

ఖాలా సామాన్లు తెచ్చుకోవడానికి మాత్రం కోర్టు ఒప్పుకుంది. వకీలమ్మ కూడా మాతో వచ్చింది, కోర్టు మనిషి తాళం తీశాడు. రేకు లేచిపోయి వాన లోపలికి కొట్టింది. బొంతలు కుళ్లిపోయి ఉన్నాయి. ఖాలా తన బట్టల ట్రంకుపెట్టె బయట పెట్టి, చీపురు తీసుకొని రెండు గదులూ ఊడ్చింది.

“ఇగ ఎన్ని దినాలు పడ్తది బిడ్డా?” అంది, చీపురు మూలన పెడుతూ.

నేను వకీలమ్మ వైపు చూశాను. చెప్పలేనని ఆమె నిజాయితీగానే అంది. ఖాలా తల ఊపింది. కోర్టు మనిషి మళ్లీ తాళం వేసేదాకా నిలబడి చూసింది.

ఆ నెలలోనే ఆమె కీసరలో తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది. నాకు భారం కాకూడదని. కేసు ఇంకా నడుస్తూనే ఉంది.