గూట్లె పెట్టుకొమ్మని ఇయ్యలె

మా అక్క పోయిందన్న కబురు నేను నడుస్తుండగా వచ్చింది. పొద్దున్నే ఫోన్‌లో ఎప్పటిలాగే ఆమె నంబరు కనిపించింది. ఎత్తితే బావ గొంతు. తెల్లవారుజామున గుండెపోటు వచ్చిందట. కోరుట్లలో మా గల్లీ చివర, ఎవరిదో అరుగు మీద కూలబడిపోయాను.

రాయికల్‌లో బీడీలు చుట్టి ఇల్లు నడిపిన మనిషి. ఆరేళ్ల కింద నా రెండు కిడ్నీలూ చెడిపోతే తనది ఒకటి నాకిచ్చింది. పెద్దగా చర్చలేం పెట్టలేదు. బావతో ఒక మాట అనుకుని, బ్యాగు సర్దుకుని వచ్చేసింది.

ఆపరేషనై ఇంటికొచ్చాక మా అమ్మ నన్ను బాలింతను చేసింది. చెవుల్లో దూది, తలకు రుమాలు, కిటికీలకు దుప్పట్లు. రోజూ నడవమని డాక్టరు రాసిచ్చిన కాగితం దిండు కిందే ఉండిపోయింది. అబద్ధమెందుకు, నాకూ భయమే. కదిలితే కిడ్నీ జారిపోతుందనుకునేవాణ్ణి. నాదైతే అంత భయపడేవాణ్ణి కాదేమో. అది అక్కది.

మూడు నెలలకు అక్క చూడటానికి వచ్చింది. తాను అప్పటికే మళ్లీ బీడీల చాట ముందు కూర్చుంటోంది, పొద్దున్నే నడకకూ పోతోంది. గడపలోనే నిలబడి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. దగ్గరికొచ్చి చెవుల్లో దూది పీకి బయట పారేసింది.

"గూట్లె పెట్టుకొని దీపం ముట్టియ్యుమని ఇచ్చిన్నా నీకు? లే, చెప్పులేస్కో."

అమ్మ అడ్డం పడినా వినలేదు. ఆ రోజు వాకిట్లోంచి పక్కనున్న కిరాణా దుకాణం దాకా నడిచాం, అంతే. తిరిగొచ్చేసరికి నా కాళ్లు గడగడ వణికాయి. కిడ్నీ మాత్రం ఎక్కడికీ పోలేదు. మీ ఇంట్లోనూ నాలాగా ఆపరేషనైన మనిషి ఉంటే, డాక్టరు ఏం రాశాడో ముందు ఆ కాగితం తీసి చదవండి.

తర్వాత మా ఫోన్ నడక మొదలైంది. ఐదున్నరకు ఆమె రాయికల్‌లో కాలువ గట్టు ఎక్కేది, నేను కోరుట్లలో రోడ్డెక్కేవాణ్ణి. మాట్లాడుకుంటూ నడవాలి. ఒక ముసురు పొద్దున నేను మంచం మీదే పడుకుని, నడుస్తున్నట్టు రొప్పుతూ మాట్లాడాను. ఆమె కాసేపు విని, "పంకా సప్పుడు ఇనవడ్తందిరా. కోరుట్ల రోడ్లకు పంకలు వెట్టిండ్రా?" అంది. ఆ మాట తలుచుకుని ఇప్పటికీ ఒక్కణ్ణే నవ్వుకుంటాను.

మందులు వేళకు వేసుకున్నానా, నీళ్లు తాగానా, జగిత్యాలలో చేయించిన రక్తపరీక్షలో ఏమొచ్చింది, అన్నీ ఆ అరగంటలోనే తేలిపోయేవి. మా నాన్న తాళ్లెక్కి కల్లు గీసినవాడు. ఆ ఇంట్లో పుట్టి కల్లు మానడం నాకు కష్టమే అయింది. నాకు తోడుగా అక్క కూడా మానేసిందని చాలా రోజులకు బావ చెబితే తెలిసింది. ఆపరేషనైన రెండో ఏటి నుంచి నా టైలరింగ్ దుకాణానికి సైకిల్ మీదే పోతున్నాను.

అంత్యక్రియల రోజు అక్క ఇంట్లో ఒక మాట చెవిన పడింది. ఒక్క కిడ్నీతో ఎన్నేళ్లు బతుకుతుందిలే అని. నా వైపు చూడకుండానే అన్నారు. ఏటేటా పరీక్షల్లో ఆమె కిడ్నీ బాగానే ఉందనీ, మా నాన్న కూడా గుండెతోనే పోయాడనీ నాకు తెలుసు. తెలిసినా తల ఎత్తలేకపోయాను. నా బతుకు ఆమెను తినేసిందా అన్న ఆలోచన నన్ను వదల్లేదు.

పాడె ఎత్తేటప్పుడు నేను ముందుకు పోతే నలుగురూ ఆపారు. ఆపరేషనైన మనిషివి, నీకెందుకన్నారు. బావ వాళ్లను పక్కకు జరిపాడు.

"ఆపకుండ్రి. నా తమ్ముడు నడుస్తుండని ఆమె దినాం వాడకట్టంత చెప్పుకొని మురిసింది. మొయ్యనియ్యిండ్రి."

ఒక కొమ్ము నేను పట్టాను. ఊరు దాటాక దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. పోయినవాళ్లు పలుకుతారేమోనని అక్కడ చెవిలో మూడుసార్లు పిలవడం మావైపు ఆచారం. బావ వంగబోయి ఆగి, నన్ను ముందుకు జరిపాడు. నేనే వంగి పిలిచాను. అక్కా. అక్కా. అక్కా.

అంత దూరం మోసుకొచ్చినా నాకు ఆయాసం రాలేదు. కాసేపు ఆమె ముఖం చూసి, మళ్లీ పాడె కింద భుజం పెట్టి లేచాను.