మెడ మీద కంతి, మింగిన కోపం

నా మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోట, కుంకుడుకాయంత కంతి ఉండేది. నొప్పి లేదు, దురద లేదు. కానీ చూసిన ప్రతివాళ్లకూ దాన్ని నొక్కి చూస్తే గాని చెయ్యి ఊరుకునేది కాదు. నేనెవరి మెడా నొక్కలేదు, నా మెడ ఎవడబ్బ సొత్తని నొక్కుతారు? కోయించుకుంటానంటే అమ్మ గుండెలు బాదుకుంది. "కత్తి తగిల్తే కేన్సరైపోద్దే గుంటా!" అని ఒక ఆదివారం నన్ను యాంగోన్‌లోని చైనావాళ్ల వీధిలో వైద్యుడి దగ్గరికి లాక్కెళ్లింది.

గోడ నిండా చిన్న చిన్న మందు సొరుగులున్న కొట్టు. ఆ ముసలి వైద్యుడు కంతిని ముట్టుకునే ముందు, "చూడొచ్చా అమ్మా?" అని బర్మా భాషలో అడిగాడు. అలా అడిగిన మొదటి మనిషి ఆయనే. నాలుక చూశాడు. రెండు చేతులకూ మూడేసి వేళ్లు ఆనించి చాలాసేపు నాడి పట్టాడు. కఫం గడ్డకట్టింది, కాలేయంలో కదలిక ఆగింది అన్నాడు. తర్వాత, "కోపం మింగుతున్నావా?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా అమ్మే, వైద్యుణ్ణి 'సయా' అని మర్యాదగా పిలుస్తూ, బర్మా భాషలో జవాబిచ్చింది. "ఇదా సయా? ఇది కోపాన్ని మింగదు, మమ్మల్ని మింగుతుంది."

వైద్యుడు నవ్వలేదు. "మింగిన కోపమే ఇలా గడ్డ కడుతుందని మా వైద్యం. లోపల దాచుకోకు. ఈ కషాయం తాగు. కరిగిపోతుందని మాటివ్వలేను. గిల్లకు. ఎర్రబడితే మాత్రం ఆసుపత్రికి వెళ్లు," అన్నాడు. ఎండిన నారింజ తొక్క, ఆల్చిప్ప ముక్కలు, ఏవో ఎండు పూలకంకులు పొట్లం కట్టి ఇచ్చాడు.

ఇంటికొచ్చి అమ్మ నాన్నతో ఏం చెప్పిందో తెలుసా? "దీన్ని కోప్పడొద్దన్నాడు వైద్దుడు. కోపం మానీస్తే కంతి పోద్దంట."

వైద్యుడి కొట్టులో పక్కనే కూర్చుని అంతా విన్నదాన్ని. కాదన్నాను. "సూసినావా, అప్పుడే కోపం!" అంది. ఇక నాన్నకు కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. రేవులో లెక్కలు రాసి రిటైరైన మనిషి, ఇంట్లో మాత్రం ఇంకా ఆఫీసరే. నేను పనిచేసే మింగళాడోన్ కుట్టు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు మమ్మల్ని బాత్రూముకు కూడా లేవనివ్వడం లేదని చెప్పబోతే, "కంతి పెరుగుద్ది, నోర్ముయ్!" అనేవాడు. కూరలో ఉప్పెక్కువైందన్నా అదే మాట. వైద్యం పేరు చెప్పి నా నోటికి తాళం వేశారు. కోపానికి కంతులొచ్చేటట్టయితే ఈ యాంగోన్‌లో మెడ తిప్పగలిగేవాడు ఒక్కడూ మిగలడు.

రోజూ కరెంటు పోయేది. అమ్మ బొగ్గుల కుంపటి మీద మట్టికుండలో కషాయం కాచి, దగ్గరుండి తాగించేది. నెల తిరక్కుండానే కంతి ఎర్రబడింది, వేడెక్కి సలపసాగింది. ఆసుపత్రికి వెళ్దామంటే అమ్మ వింటుందా? సెగ్గడ్డకు మనవాళ్లంతా వేసే మందే వేసింది, సున్నం, బెల్లం కలిపి పట్టు. చర్మం కాలి బొబ్బెక్కింది. చివరికి క్లినిక్‌లో డాక్టరమ్మ కోసి చీము తీసింది. వాపు తగ్గాక లోపలి సంచి కూడా తీసెయ్యాలట, లేకపోతే మళ్లీ వస్తుందట. కోపానికీ దీనికీ సంబంధమే లేదంది. అంటే ముసలాయనదీ తప్పే. కానీ ఆయన నన్ను నోరు మూసుకోమనలేదు.

మర్నాడు పొద్దున్న అమ్మ కట్టు మారుస్తుంటే అడిగేశాను. "ఆ వైద్దుడు కోపం దాసుకోవద్దన్నాడు గదా! ఎందుకలగ అబద్దం సెప్పినావమ్మా?"

అమ్మ చేతిలో దూది ఆగింది.

"నువ్వు మీ నాయన్ని నాలుగనీసి బస్సెక్కి ఎలిపోతావు. ఇలగేనా పెంచినావని, ఆ నాలుగూ తరవాత నాకు తగుల్తాయి. మాటలే అనుకున్నావేటి?"

ఇన్నేళ్లూ నా కోపం నాదేననుకున్నాను. నేను వెళ్లాక అది ఎవరి ఒంటి మీద పడుతోందో ఒక్కనాడూ వెనక్కి తిరిగి చూడలేదు. ముందు నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ తర్వాత నాన్న మీద ఒళ్లు మండిపోయింది.

వీధిలో ఫ్యాక్టరీ బస్సు హారన్ కొట్టింది. నేను లేవలేదు. నాన్న మొహం తుడుచుకుంటూ వచ్చి, "ఏటే, బస్సెలిపోతంది," అన్నాడు.

"ఎల్లనీ నాన్నా. ఇయ్యాల నానెక్కడికీ ఎల్లను. నీతోటి మాటాడాలి," అన్నాను. "అమ్మా, నువ్వు నా పక్కన కూకో."