బాలనర్సమ్మ పళ్ళు

బాలనర్సమ్మను మొదటిసారి కొట్టినప్పుడు పక్కన అంబులెన్సు ఉంది, గొడుగు పట్టడానికి ఒక మనిషి ఉన్నాడు, మధ్యమధ్యలో కొబ్బరినీళ్ళు కూడా ఇచ్చారు. రెండోసారి కొట్టినప్పుడు ఇవేవీ లేవు. కొట్టినవాళ్ళు మాత్రం రెండుసార్లూ వాళ్ళే. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

మేముండేది తూంకుంటలో. మావారి ఉద్యోగం కోసం తణుకు నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాం. బాలనర్సమ్మది లాల్‌గడి మలక్‌పేట్. అరవై దాటిన మనిషి. కౌలుకు తీసుకున్న కాస్త నేలలో ఆకుకూరలు పండించి, గంపకెత్తుకుని ఆటోలో మా కాలనీకి వచ్చేది. నేను గోంగూర అంటే ఆమె ఒప్పుకునేది కాదు, పుంటికూర అనాలి. బేరమాడితే గంప నెత్తిన పెట్టుకుని చక్కా పోయేది. ఆమె నోరు మంచిది కాదు. నాదీ అంతే, అందుకే మా ఇద్దరికీ కుదిరింది.

ఆమె పెనిమిటి శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు. ఒకసారి తాగొచ్చి తెడ్డుతో కొడితే ఆమె ఎడమ మణికట్టు విరిగింది. కట్టు విప్పిన రోజున అదే తెడ్డు తీసుకుని అతని వీపు విమానం మోత మోగించింది. తర్వాత అతను బతికినన్నాళ్ళూ ఆమె మీద చెయ్యెత్తలేదు. ఈ కథ చెప్పినప్పుడల్లా చివర ఒకే మాట అనేది.

"కొట్టనిస్తె ఎంతసేపైన కొడతరమ్మా. మనమే బస్, ఇగ చాలు అనాలె."

మా అమ్మాయి లిఖిత సినిమాల్లో అసిస్టెంట్ డైరెక్టరు. పోయినేడాది పిల్ల మాంత్రికుల సినిమా రెండో భాగానికి పనిచేసింది. మొదటి భాగం సరదాగా ఉండేది. మంత్రాల బడి, ఎగిరే మేకలు, మాస్టారిని కప్పను చేసే పిల్లలు. మూలమైన నవల రెండో సంపుటానికి వచ్చేసరికి రచయితకు ఏం పూనిందో, పిల్లలు పెద్దవాళ్ళై ఒకళ్ళనొకళ్ళు చంపుకోవడం మొదలుపెడతారు. వాళ్ళకు విద్య నేర్పిన ముసలి గురువును ఊరు ఊరంతా పట్టుకుని పళ్ళు పీకేస్తుంది. పళ్ళు లేని నోట మంత్రం పారదట. ఇది రచయిత బుర్రలో పుట్టిన సంగతి కాదు. బాణామతి చేసిందని అనుమానం వస్తే పళ్ళు ఊడగొట్టాలనే మాట మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్నదే.

గురువు వేషానికి తెచ్చిన నటి బురదలో పొర్లనని వెళ్ళిపోయింది. ఆ రోజే మా గుమ్మంలో కొత్తిమీర కట్ట దగ్గర నన్ను కడిగేస్తున్న బాలనర్సమ్మను లిఖిత చూసింది. మర్నాడు కారులో తీసుకుపోయింది.

చెరువు అవతల, ఇంకా అమ్ముడుపోని ఒక లేఅవుట్‌లో సెట్టు వేశారు. కొట్టే జనం కావాలంటే, మనుషులను సరఫరా చేసే రాజారావు లాల్‌గడి మలక్‌పేట్ నుంచే వ్యానులో ఎక్కించుకొచ్చాడు. అందరికంటే ముందు నిలబెట్టింది పరమేశ్‌ను. బోరు మోటార్లు బాగుచేస్తాడు, బాలనర్సమ్మ పక్కింటివాడు. ఆమె దవడ పట్టుకుని, రబ్బరు పట్టకారు నోట్లో పెట్టడం అతని పని. జుట్టు పట్టి ఈడ్చేవాళ్ళు, స్పాంజి రాళ్ళు విసిరేవాళ్ళు వెనకాల.

పరమేశ్‌కు చెయ్యి రాలేదు. "మా అవ్వసుంటిది సార్," అన్నాడు. డైరెక్టరుకు విసుగొచ్చింది. "కసి చాలట్లేదు. ఇది నీ బిడ్డను చంపిందనుకో. అప్పుడు పట్టుకో," అన్నాడు. ఆ మాట పనిచేసింది. తర్వాతి టేకులో బాలనర్సమ్మ చెంపల మీద అతని వేళ్ళు తేలాయి. ఒకడు ఆవేశంలో ఆగకుండా తన్నుతూనే ఉంటే, కట్ అన్నాక చెయ్యి ఆపనివాడు రేపటినుంచి వ్యాను ఎక్కక్కర్లేదని రాజారావు అరిచాడు. సాయంత్రానికి అందరికీ అలవాటైపోయింది. కట్ అని వినపడితే చాలు, ఎత్తిన రాయి ఎత్తినట్టే ఆగేది.

ఆమెకు ఒక మంత్రం ఉంది. సినిమావాళ్ళు అల్లిందే. "నీళ్ళ కింద నిప్పు, నిప్పు కింద నేను, నేను లేస్తే నువ్వు లేవవు." ఇంకో నాలుగు రోజుల షూటింగు మిగిలి ఉండగా, ఇంటి దగ్గర గట్టిగా చెప్పుకుంటూ ఉండమంది లిఖిత. బాలనర్సమ్మకు అదో సంబరం. వాకిలి ఊడుస్తూ అదే, పొయ్యి ఊదుతూ అదే. మా కాలనీలో కూర అమ్ముతూ కూడా అదే. మా వీధి చివరి మేడావిడ ఆమెను చాటుకు పిలిచి, కోడలు చెప్పుచేతల్లో ఉండేందుకు ఏమైనా కట్టి ఇమ్మంది. ఎమ్మే చదివిన మనిషి!

"నాకు మంత్రాలొస్తె మొదలు నా మోకాళ్ళు మంచిగ జేసుకుందును గద," అని బాలనర్సమ్మ పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను.

అంతలో పరమేశ్ కూతురికి జ్వరం వచ్చింది. మూడేళ్ళ పిల్ల. ఊళ్ళో సూది వేయించారు, తగ్గలేదు. ఆదివారానికి పిల్ల మంచం మీదినుంచి తల ఎత్తలేదు. గోడ అవతలినుంచి బాలనర్సమ్మ గొంతు ఖంగున వస్తోంది, నేను లేస్తే నువ్వు లేవవు అని. అది సినిమా మాటని పరమేశ్‌కు తెలియక కాదు. పక్కన నిలబడి విన్నవాడే. "సినిమలదైతేంది, మంత్రం మంత్రమే గద," అన్నాడట పెళ్ళాం భవానితో. ఆ తర్వాత మోటార్ల సంచీలోంచి కటింగ్ ప్లేయర్ తీసుకుని బయటికి వెళ్ళాడు.

పట్టపగలు, మధ్యాహ్నం. వ్యాను ఎక్కినవాళ్ళంతా అతని వెనక పోగయ్యారు. ఎవరెవరు ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. సెట్టు మీద జుట్టు పట్టినవాడే జుట్టు పట్టాడు. బాలనర్సమ్మను పొయ్యి దగ్గర్నుంచి వాకిట్లోకి ఈడ్చారు. మొదటి రాయి భుజానికి తగిలింది, రెండోది కనుబొమ్మ చీల్చింది. అది స్పాంజి కాదు. ఆమె ముందు తిట్టింది, తర్వాత పేరుపేరునా పిలిచింది. కడుపులో తన్నితే వెల్లకిలా పడింది. ఇద్దరు చేతుల మీద ఎక్కి నిలబడ్డారు. ఎప్పుడో విరిగిన మణికట్టు మళ్ళీ విరిగింది. పరమేశ్ ఆమె గుండెల మీద మోకాలు పెట్టి, దవడ నొక్కి నోరు తెరిపించాడు. ముందు పన్ను పట్టుకుని మెలిపెట్టాడు. అది మొదలంటా ఊడి వచ్చింది. రెండోది రాలేదు, సగానికి విరిగింది. నోరంతా నెత్తురు, గొంతులోకి పోతోంది. మూడోదాని కోసం ప్లేయర్ దగ్గరికొస్తుండగా ఆమె మొహం పక్కకు తిప్పి, నెత్తురు ఉమ్మి, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని అరిచింది.

"కట్!"

చేతులన్నీ ఆగిపోయాయి. రాయి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉన్నాడు. ఆమె చేతుల మీద నిలబడ్డవాళ్ళు అలవాటుగా పక్కకు దిగారు. పరమేశ్ పట్టు వదులైంది. ఆ ఒక్క క్షణంలో ఆమె అతన్ని తోసేసి లేచి పరుగెత్తింది. ఎదురుగా తెరిచి ఉన్న తలుపు ఒక్కటే, పరమేశ్ ఇంటిది. అందులో దూరింది. లోపల భవాని, పక్కన ఒళ్ళెరగని పిల్ల. భవాని ఆమెను చూసి, లేచి, తలుపుకు గడియ పెట్టింది. బయట మొగుడు తలుపు బాదుతుంటే ఫోను తీసి పోలీసులకు చెప్పింది.

"నా పిల్లకు ఆరు నెలలొచ్చేదాంక నీళ్ళు వోసిన చేతులమ్మా అవి. గా చేతులు చంపుతయా?" అని తర్వాత నాతో అంటూ ఏడ్చింది. పిల్లకు డెంగీ అని పెద్దాసుపత్రిలో తేలింది. బతికింది.

బాలనర్సమ్మను ఆసుపత్రిలో చూసినప్పుడు నాకు గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. ఊరి పెద్దలు పళ్ళు పట్టుకుని వచ్చారు. నమలలేని మనిషికి ఆపిళ్ళు! కేసు వెనక్కి తీసుకోమన్నారు. ఆమె తల అడ్డంగా ఊపింది.

రెండు నెలలకు సినిమావాళ్ళు మళ్ళీ పిలిచారు. పళ్ళు పీకేశాక గురువు ఆఖరిసారి మంత్రం చెప్పే షాట్ మిగిలిపోయిందట. నేను లిఖితను చెడామడా తిట్టాను. బాలనర్సమ్మ మాత్రం వెళ్తానంది.

"ఎందుకే నీకు?" అన్నాను.

"సగంల ఇడిశిపెడితె భయపడ్డదనుకుంటరమ్మా."

నేనూ వెంట వెళ్ళాను, ఎవడు చెయ్యి వేస్తాడో చూద్దామని. ముందు తీసిన ముక్కతో మొహాలు కలవాలి కాబట్టి రాజారావు అదే జనాన్ని తెచ్చాడు. బెయిలు మీద బయటికొచ్చిన పరమేశ్ కూడా ఉన్నాడు, తల దించుకుని. మేకప్ మనిషి పళ్ళకు నల్లరంగు పూయడానికి కుంచె పట్టుకొచ్చాడు. ఆమె నోరు తెరిచి చూపించింది. అతను కుంచె కిందికి దించాడు.

యాక్షన్ అన్నారు. పరమేశ్ చెయ్యి లేవలేదు. మళ్ళీ అన్నారు, లేవలేదు. బురదలో పడుకున్న బాలనర్సమ్మ అతని కళ్ళలోకి చూసింది. పళ్ళ సందులోంచి గాలి పోతుంటే, మాట మాటా విడివిడిగా చెప్పింది.

"పట్టు పరమేశ్. గిది ఉత్తదే. అసలుదానికి కోర్టుల తారీకు పడ్డది."

అతను పట్టుకున్నాడు. వేళ్ళు చెంపలకు ఆనీ ఆననట్టు పెట్టాడు. కసి చాలట్లేదని డైరెక్టరు ఇంకో టేకు అడిగాడు.