నూతి అడుగున గాలి

మొన్న మా శ్రీకాకుళం వీధిలోకి బోరు లారీ వచ్చి పొద్దంతా రాయి తొలుస్తుంటే, ఇక నూతిలోకి మనిషి దిగే పని ఉండదు కదా అని ఊరట కలిగింది. ఆ వెంటనే ఏడెనిమిదేళ్ల కిందట, శృంగవరపుకోట దగ్గర మా అక్కగారి ఊళ్లో గడిచిన ఒక వేసవి ఉదయం గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

మన ఈడువాళ్లకు తెలిసిందే, పాడుబడ్డ నూతిలో పూడిక తీసేముందు దీపం దింపి చూసేవారు. అది అడుగుదాకా ఆరకుండా ఉంటేనే మనిషి దిగేవాడు. వాడకం లేక, జీడిమామిడి ఆకులు రాలి కుళ్లిన అక్కావాళ్ల నూతి దగ్గర మా బావ లాంతరు వెలిగించబోతే, ఎండ ఎక్కకముందే పని తెమలాలని తొందరపడుతున్న నేను నవ్వాను.

"ఏటి బావా, పట్టపగలు నూతిలోకి దీపమేటి? దెయ్యానికి దారి సూపిత్తావా?"

"నీకేటి మావా, గట్టు మీదుంటావు. దిగీది నాను కదా," అన్నాడాయన. కానీ చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వేసరికి రోషం వచ్చి లాంతరు పక్కన పెట్టేశాడు. అక్క మాత్రం పట్టుబట్టి ఆయన నడుముకు మోకు కట్టించింది.

మొదటి తట్ట నిండకముందే పిలుపుకు బదులు రాలేదు. తొంగి చూస్తే గోడకు ఆనుకుని తల వాల్చేసి ఉన్నాడు. నలుగురం మోకు లాగి గట్టు మీద పడుకోబెట్టాక, ఆయన ఛాతీ ఒక్కసారి పైకి లేచేదాకా అక్క కొంగుతో విసురుతూనే ఉంది. ఆ లేవడం కంటే గొప్ప దృశ్యం నేను ఈ జన్మలో చూడలేదు.

ఆస్పత్రిలో తండ్రి మంచం పక్కన కూర్చుని, సైన్సు చదువుతున్న మా మేనకోడలు నెమ్మదిగా చెప్పింది. కుళ్లే ఆకులు నూతిలోని ప్రాణవాయువును తినేశాయట, అవి వదిలిన బరువైన గాలి అడుగున నీళ్లలా నిలిచిపోయిందట. భూమి పుట్టిన కొత్తలో లోకమంతటా కూడా పీల్చి బతకగల గాలి లేదట. అగ్నిపర్వతాలు కక్కిన ఆవిరీ, బొగ్గుపులుసు వాయువూ, నత్రజనీ తప్ప. ఆవిరి చల్లారి వానై, వాన సముద్రమై, ఆ సముద్రంలో కంటికి ఆనని నాచులాంటి జీవాలు ఎండను తిని కోట్లాది ఏళ్లు కొద్దికొద్దిగా ప్రాణవాయువును వదిలితే, ముందు నీళ్లలోని ఇనుమూ రాళ్లూ దాన్ని తాగేసి, అవి చాలన్నాకే ఆకాశానికి మిగిలిందట. ఈనాటికీ మన గాలిలో ఐదింట నాలుగు వంతులు దాదాపు నత్రజనే, మనల్ని నిలబెట్టేది మిగిలిన ఆ ఐదో వంతు. ఈ లెక్కలు బడిలో నేనూ వల్లించాను. కానీ దుప్పటి కింద లేచి పడుతున్న ఆ గుండెను చూస్తూ వింటే మొదటిసారి అర్థమయ్యాయి. సముద్రాలు అంతకాలం కూడబెట్టిన దాన్ని ఒక మనిషికి అందకుండా చేయడానికి నా వెటకారం ఒక్కటి చాలింది.

బావ కోలుకున్నాడు. నేను చేతులు పట్టుకుని తప్పు ఒప్పుకుంటే పోనిమ్మన్నాడు, ఆ తర్వాత ఎవరి దగ్గరా ఆ ఊసు ఎత్తలేదు. అంతకుముందు నేను గుమ్మంలో కనబడితే చాలు, "ఒరే మావా, ఇంకా బతికే ఉన్నావేటి?" అని వీధంతా వినబడేలా నవ్వేవాడు. ఇప్పుడు నన్ను చూడగానే లేచి నిలబడి, కుర్చీ తుడిచి, "రండి, కూకోండి" అంటాడు.