ఫ్లైఓవర్ మీద ఎర్ర గీతలు

తిరుపతిలో ఫ్లైఓవర్ మొదలైనప్పుడు ఊరంతా సంబరపడింది, మా ఇల్లు తప్ప. మా నాయన టీ అంగడి సరిగ్గా దాని పక్కన, కింద రోడ్డు మీద ఉండిపోయింది. దాన్ని ఎవరూ కూలగొట్టలేదు, ఎవరూ ఖాళీ చేయమనలేదు. చిక్కంతా అక్కడే. కూలగొట్టి ఉంటే, కసిదీరా తిట్టుకోవడానికి కనీసం ఒక మనిషైనా దొరికేవాడు.

అంతకు ముందు ఆ అంగడి దర్జా వేరు. తమిళనాడు నుంచి వచ్చే కార్లు, వ్యాన్లు కొండెక్కే ముందు ఎక్కడో ఒకచోట ఆగేవి. డ్రైవర్లు బానెట్ ఎత్తి నీళ్లు చూసుకునేవాళ్లు, టైర్లు తట్టి చూసేవాళ్లు, ముందు కట్టిన నిమ్మకాయలు మార్చేవాళ్లు. వాళ్ల కోసం నాయన అంగడి ముందు ఒక నీళ్ల డ్రమ్ము ఎప్పుడూ నిండుగా పెట్టేవాడు. నీళ్లు ఊరికే. ఊరికే నీళ్లు పోసుకున్న డ్రైవరు టీ తాగకుండా ఎట్లా పోతాడు? వెనకాలే వ్యాన్‌లో జనమంతా దిగేవాళ్లు. అరవవాళ్లు కొండకు విరగబడి వచ్చే పెరటాసి నెల శనివారాల్లో నాయనకు రెండు ముద్దలు తినే తీరిక కూడా ఉండేది కాదు. అరవంలోనే కసురుకునేవాడు, అరవంలోనే బుజ్జగించేవాడు.

ఫ్లైఓవర్ వచ్చాక ఆ బండ్లన్నీ మా నెత్తి మీదుగా పోవడం మొదలుపెట్టాయి. పగలు ఆటోవాళ్లు, చుట్టుపక్కల పనివాళ్లు వస్తారు కాబట్టి అంగడి ఎట్లాగో నడిచింది. సాయంత్రం బేరమే పూర్తిగా పడిపోయింది. ఆ మాట నాయన ఒప్పుకుంటే కదా! సాయంత్రాలు మూసేసి ఇంటికొచ్చి నడుం వాల్చమని, మోకాళ్లు అరిగిపోతున్నాయని అమ్మ రోజూ పోరేది. చీకటి పడ్డాకే గిరాకీ బాగుంటుందని ఆయన ఒకే జవాబు చెప్పేవాడు. ఆ తర్వాత మిగిలిన పాలు ఇంటికి తెచ్చి తోడు పెట్టమనేవాడు. గిన్నెలు గిన్నెలు పెరుగు. అంత గిరాకీ ఉంటే ఇన్ని పాలు ఎందుకు మిగులుతాయని మాలో ఎవరమూ అడగలేదు. అడిగితే ఆయన ముఖం ఎట్లా అవుతుందో మాకు తెలుసు.

నేను ఒక ఫోటో స్టూడియోలో పనిచేస్తాను. పగలంతా కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్లికూతుళ్ల ముఖాల మీద మచ్చలు చెరపడం నా ఉద్యోగం. నవ్వే ముఖాలంటేనే వెగటు పుట్టింది. అందుకే సాయంత్రాలు స్టూడియో కెమెరా అడిగి తెచ్చుకుని, రోడ్ల మీద కార్ల వెలుగు గీతలు తీయడం అలవాటు చేసుకున్నాను. పెద్ద విద్యేమీ కాదు. కెమెరాను స్టాండు మీద బిగించి, షట్టర్‌ను నిమిషమో రెండు నిమిషాలో తెరిచి ఉంచాలి. ఆలోపు పోయిన కార్లు ఫోటోలో పడవు, వాటి దీపాలు మాత్రం గీతలుగా మిగులుతాయి. పోయేవి ఎర్రగా, ఎదురొచ్చేవి తెల్లగా. నడిచే మనుషులు అసలే పడరు. ఎంత రద్దీ రోడ్డయినా ఫోటోలో ఖాళీగా ఉంటుంది. మనుషుల్లేని ఊరిని చూస్తే నాకు ప్రాణం కుదుటపడేది.

ఊళ్లో ఫోటోలు తీసేవాళ్లకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో అందరూ ఫ్లైఓవర్ ఫోటోలే పెడుతున్నారు, అన్నీ ఒకే మూసలో. నేను పక్క నుంచి తీద్దామనుకున్నాను. ఒక పెరటాసి శనివారం, పొద్దుగూకే వేళకు, మా అంగడికి ఎదురుగా ఉన్న లాడ్జి మేడ మీదికి మేనేజర్ని బతిమాలి ఎక్కాను. నాయనకు చెప్పలేదు. చెబితే తల దువ్వుకుని, చొక్కా మార్చుకుని, కెమెరా వైపే చూస్తూ నిలబడతాడు. నా చూపంతా పైన గీతల మీదే ఉంది. గంటసేపు తీశాను. కొండ నీలంగా, దాని ముందు ఫ్లైఓవర్ మీద ఎర్ర దారాలు పోగులు పోసినట్టు గీతలు. బాగా వచ్చాయని నాకే తెలుస్తోంది.

కింద అంగడి సంగతి కంప్యూటర్‌లో చూసినప్పుడే తెలిసింది. ట్యూబ్‌లైటు వెలుగులో నాయన గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా చారలు కూడా లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టంగా ఉన్నాడు. నిజం చెప్పాలంటే మొదట సంతోషమే వేసింది. వెంటనే గ్రూపులో పెట్టాను. మెచ్చుకోళ్లు వచ్చిపడ్డాయి. అంతసేపు ఆ ముసలాయన్ను కదలకుండా ఎట్లా నిలబెట్టావని ఒకడు అడిగాడు. ఆ ఒంటరితనమే ఫోటోకు అందమని ఇంకొకడు రాశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. టీ కాచేవాడు, గ్లాసులు కడిగేవాడు రెండు నిమిషాల ఫోటోలో పడడు. పొగలా చెరిగిపోతాడు. పెరటాసి శనివారం సాయంత్రం మా నాయన పడ్డాడు.

ఫోటో ఇంట్లో చూపించకూడదనుకున్నాను. కానీ మరునాడు రాత్రి అన్నాల దగ్గర అమ్మ నా ఫోన్‌లో చూసేసింది. మురిసిపోతూ తీసుకెళ్లి నాయన చేతిలో పెట్టింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూసి, ముందు గర్వంగానే నవ్వాడు. ఇన్ని గీతలున్నాయి, కార్లు యాడికి పోయినాయని అడిగాడు. నేను తెలివితక్కువగా, ఎవరడిగినా చెప్పే పాఠమే అప్పజెప్పాను. కదిలేదేదీ ఫోటోలో పడదన్నాను. నోరు జారానని అర్థమయ్యేసరికి ఆయన మళ్లీ ఫోన్‌లోకి చూస్తున్నాడు.

"నేను పడినానే" అన్నాడు.

నేను ఫోన్ తీసుకోబోయాను. ఆయన వదల్లేదు.

"ఎంతసేపు తీసినావు పాపా?"

రెండు నిమిషాలన్నాను. తక్కినవి చూపించమన్నాడు. చెరిపేశానన్నాను. ఆయన నమ్మకుండా కెమెరా సంచీ కోసం చెయ్యి చాపాడు. ఇక ఇవ్వక తప్పలేదు. బటన్ నొక్కుతూ ఒక్కొక్కటే చూశాడు. ఒకదానిలో గుంజకు ఆనుకుని ఉన్నాడు, ఒకదానిలో నడుం మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు, కొన్నిట్లో స్టూలు మీద కూర్చుని పైకి చూస్తున్నాడు. ఒకటి రెండు తప్ప అన్నిట్లోనూ మనిషి స్పష్టంగా ఉన్నాడు.

అమ్మకు అప్పుడు అర్థమైంది. ఏడాదిగా ఆయనతో వాదులాడిన మనిషి గబుక్కున ఆయన వైపు మారిపోయింది.

"వచ్చినోళ్లు పడుండరులే. తాగేసి పోతా ఉంటారు గదా, యాడ పడతారు?"

నాయన కెమెరాను జాగ్రత్తగా సంచీలో పెట్టి నా వైపు జరిపాడు.

"పాలాయనకు ఫోన్ చేసి సెప్పు పాపా. రేపట్నించి మాపటేళ పాలొద్దని."

ఏడాదిగా ఆ మాట కోసమే పోరిన అమ్మ, అది విని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.